రాగిజావ తేట కాదని మాకెవరూ చెప్పలేదు

మా నాన్న 31 ఏళ్లు ఆర్టీసీలో డ్రైవరుగా చేశారు. అన్నేళ్ల సర్వీసులో ఒక్క మెమో కూడా తీసుకోలేదు. అలాంటి మనిషి ఒక ప్రైవేటు ఆస్పత్రిలో, ఎండోస్కోపీ గది బయట, మత్తు ఇంకా పూర్తిగా దిగకముందే, తనకన్నా పాతికేళ్లు చిన్నవాడైన డాక్టర్‌కి రెండు చేతులూ జోడించి "తప్పైపోయింది సార్" అన్నారు. ఆ మాట నాకు ఇప్పటికీ మింగుడుపడటం లేదు.

ఆయన చేసిన తప్పల్లా పేగు శుభ్రం కాకుండా కొలనోస్కోపీకి, అంటే కిందనుంచి కెమెరా గొట్టం పెట్టి పెద్దపేగును చూసే పరీక్షకి, రావడమే. రిపోర్టులో "ఇనాడిక్వేట్ బవల్ ప్రిపరేషన్, రిపీట్ అడ్వైజ్డ్" అని రాసి ఇచ్చారు, అంటే పేగు సరిగ్గా శుభ్రం కాలేదు, పరీక్ష మళ్లీ చేయించుకోవాలని. కెమెరా పెద్దపేగులో సగం దూరం కూడా పోలేదట. కట్టిన 11,000 రూపాయలు పోయాయి. "చెప్పినట్టు చెయ్యకపోతే ఇట్లాగే ఉంటుందండీ" అని అక్కడి కుర్రాడు ఒక మాట కూడా అన్నాడు. చెప్పినట్టు చెయ్యలేదన్నాడు గానీ, అసలు మాకు ఏం చెప్పారు?

నేను ఈ వ్యాసం రాసేది ఆ ప్రశ్న కోసమే. కొలనోస్కోపీకి ముందు పేగు ఖాళీ చేసుకోవడం పరీక్షలో సగం. ఆ సగాన్ని పేషెంటు ఇంట్లో, పేషెంటు చేతుల మీదుగా చేయిస్తున్నప్పుడు, దాన్ని సరిగ్గా నేర్పడం ఆస్పత్రి పని. నేర్పకుండా, ఫెయిలయ్యాక నేరం పేషెంటు మీద వేయడం అన్యాయం. నేర్పడమంటే ఇంగ్లిష్ కాగితాన్ని తెలుగులోకి మార్చి చేతిలో పెట్టడం కూడా సరిపోదు. మన వంటింట్లో ఏముంటుందో, మన మాత్రల సంచిలో ఏముంటుందో, మన బాత్రూం ఎక్కడుంటుందో తెలుసుకుని చెప్పాలి.

మాది తెనాలి దగ్గర పల్లెటూరు. నాన్నకి అప్పటికి 64 ఏళ్లు, పదేళ్లుగా షుగర్. నాలుగు మెట్లెక్కితే ఆయాసం అంటుంటే ఊళ్లో ఆర్ఎంపీ రక్తపరీక్ష చేయించాడు. హిమోగ్లోబిన్ 8.1 వచ్చింది. రక్తం తక్కువగా ఉందని రెండు నెలలు ఐరన్ మాత్రలు వాడించాడు. తర్వాత చూపించిన ఫిజీషియన్ ఆ చీటీ చూసి, "ఈ వయసులో మగవాళ్లకి రక్తం తగ్గిందంటే నింపుకుంటూ పోవడం కాదమ్మా, ఎక్కడ కారిపోతోందో ముందు చూడాలి" అన్నారు. కడుపులో పుండైనా కావచ్చు, పెద్దపేగులో ఏదైనా కావచ్చు. అందుకని పైనుంచి ఎండోస్కోపీ, కిందనుంచి కొలనోస్కోపీ రెండూ ఒకే రోజు చేయించమని రాశారు.

ఆస్పత్రి కౌంటర్లో ఇచ్చింది ఒక అరపేజీ కాగితం. అందులో ఐదు లైన్లు. లో రెసిడ్యూ డైట్ రెండు రోజులు. ముందురోజు క్లియర్ లిక్విడ్స్ ఓన్లీ. సాయంత్రం 6 గంటలకు పొడి రెండు లీటర్ల నీళ్లలో కలిపి తాగాలి. రాత్రి 10 తర్వాత ఎన్‌పీవో, అంటే నోటితో ఏమీ తీసుకోకూడదు. ఉదయం 9కి రిపోర్టు చెయ్యాలి. ఇదంతా ఇంగ్లిష్‌లోనే. నేను హైదరాబాద్‌లో ఉద్యోగం చేస్తున్నాను, బీటెక్ చదివాను, రోజంతా ఇంగ్లిష్ మెయిళ్లతోనే పని. ఆ కాగితాన్ని ఫోన్‌లో ఫోటో తీసి పంపమని, చదివి, అమ్మకు వివరించింది నేనే. "ముందురోజు గట్టి పదార్థం ఏదీ పెట్టొద్దమ్మా, అన్నీ ద్రవాలే" అన్నాను. నాకు అర్థమైంది అంతే. ఇంగ్లిష్ రాక ఫెయిలయ్యాం అనుకుంటే అది పొరపాటు. ఇంగ్లిష్ వచ్చిన నేనే తప్పు చెప్పాను.

అమ్మకి ద్రవం అంటే జావ. నీరసపడతారేమోనని పొద్దున ఒక గ్లాసు, మధ్యాహ్నం ఒక గ్లాసు చిక్కటి రాగిజావ ఇచ్చింది. టమాటా చారులో టమాటాలు పిసికి, కొత్తిమీర వేసి ఇచ్చింది. రక్తం పడుతుందని దానిమ్మ రసం ఇచ్చింది. ఆ ముందు రెండు రోజులేమో, ఆస్పత్రికి వెళ్లేవాడు ఒంటికి మంచివి తినాలని తోటకూర పప్పు, బెండకాయ వేపుడు, జామకాయ పెట్టింది. ఐరన్ మాత్ర కూడా మానకుండా వేసింది. మా అమ్మ చేసిన ప్రతిదీ ప్రేమతో, బుద్ధితో చేసిందే. ప్రతిదీ ఆ పరీక్షకు విరుద్ధమే.

ఆ రాత్రి ఇంకొకటి జరిగింది. మామూలుగా వేసుకునే షుగర్ మాత్ర నాన్న ఆ రోజు కూడా వేసుకున్నారు. ఆపమని ఎవరూ చెప్పలేదు మరి. ఒకపక్క తిండి లేదు, ఇంకోపక్క విరేచనాలు. రాత్రి పదకొండింటికి ఒళ్లంతా చెమటలు పట్టి, చేతులు వణుకుతూ పెరట్లో బాత్రూం గోడ పట్టుకుని నిలబడిపోయారట. అమ్మ మిషన్‌తో చూస్తే షుగర్ 58. కాగితంలో రాత్రి 10 తర్వాత ఏమీ తీసుకోకూడదని ఉంది కాబట్టి, పంచదార నీళ్లు ఇవ్వాలా వద్దా అని నాకు ఫోన్ చేసింది. నిద్రలో లేచి "ముందు ఇవ్వమ్మా, తర్వాత సంగతి తర్వాత" అన్నాను. ఆ ఫోన్‌లో అమ్మ గొంతు ఎలా ఉందో నేను రాయలేను.

మర్నాడు మొదటి బస్సుకి బయల్దేరారు. ఎండోస్కోపీ బాగానే అయింది, పొట్టలో పుండు ఏమీ లేదన్నారు. కొలనోస్కోపీ రిపోర్టులో నాలుగు ఫోటోలున్నాయి. నాలుగింటిలోనూ నల్లటి జిగురు మడ్డి, మధ్య మధ్య తొక్కలు, గింజలు. ఐరన్ మాత్ర మలాన్ని నల్లగా, బంకగా చేస్తుంది. అది పేగు గోడకు అంటుకుంటే స్కోప్‌లోంచి నీళ్లు కొట్టినా సులువుగా వదలదు. అందుకే కొలనోస్కోపీకి కనీసం 5 నుంచి 7 రోజుల ముందే ఐరన్ ఆపాలంటారు. రక్తం తక్కువని పరీక్షకు వచ్చే మనిషి ఐరన్ మాత్రలు వాడుతూ ఉంటాడని ఊహించడానికి పెద్ద తెలివి అక్కర్లేదు. ఆ ఒక్క లైను కాగితంలో ఉంటే చాలు.

ఆ కెమెరా గొట్టం చరిత్ర నేను తర్వాత చదివాను. పంజాబ్‌లోని మోగాలో పుట్టిన నరీందర్ సింగ్ కపానీ, లండన్‌లో హెరాల్డ్ హాప్కిన్స్ దగ్గర పనిచేస్తూ, సన్నటి గాజు పోగుల కట్ట వంగినా దాని గుండా బొమ్మ అవతలికి చేరుతుందని చూపించారు. ఆ పని 1954లో అచ్చయింది. ఆ దారిలోనే, గాజు పోగులతో 1957లో అమెరికాలో బాసిల్ హిర్షోవిట్జ్ బృందం వంగే ఎండోస్కోప్ తయారు చేసింది. 1969లో న్యూయార్క్‌లో విలియం ఉల్ఫ్, హిరోమి షిన్యా పొట్ట కోయకుండా స్కోప్‌లోంచే తీగ ఉచ్చు వేసి పెద్దపేగులోని పాలిప్‌ను, అంటే గోడ మీద మొలిచే కండను, తీసేశారు. ఇంతమంది బుర్ర పెట్టి కనిపెట్టిన పనిముట్టు అది. అయితే ఆ కెమెరాకి కనిపించేది గోడ మాత్రమే. గోడ మీద వేలి గోరంత మడ్డి ఉన్నా, దాని కింద ఏముందో ప్రపంచంలో ఏ డాక్టరూ చెప్పలేడు.

శుభ్రతకి మార్కులు కూడా ఉన్నాయి. బోస్టన్ స్కేలు అంటారు. పెద్దపేగును కుడి, మధ్య, ఎడమ అని మూడు భాగాలు చేసి ఒక్కోదానికి 0 నుంచి 3 వరకు వేస్తారు. మొత్తం 9కి కనీసం 6 రావాలి, ఏ భాగానికీ 2 కన్నా తగ్గకూడదు. అలా ఉంటేనే "చూశాం, ఏమీ లేదు" అన్న మాటకు విలువ. మార్కులు తక్కువగా ఉన్నా ఎలాగోలా చివరిదాకా చూసి "నార్మల్" అని రాసిస్తే అది ఇంకా ప్రమాదం. మనం ధైర్యంగా ఇంటికి పోతాం, లోపల ఉన్నది పెరుగుతూ ఉంటుంది. మీ దగ్గర పాత కొలనోస్కోపీ రిపోర్టు ఉంటే ఒకసారి తీసి ప్రిపరేషన్ ఎలా ఉందని రాశారో చూడండి. ఆ లైను లేకపోతే డాక్టర్‌ని అడగండి.

నాన్న ఇంక రానన్నారు. "నా వల్ల కాదమ్మా, ఆ పొడి తాగలేను, మళ్లీ అక్కడ మాట పడలేను" అన్నారు. ఆయన బాధ రెండో ముక్కలో ఉంది. పొడి ఎలాగైనా తాగుతారు, మాట పడటానికే ఇష్టం లేదు. ఒకసారి ఫెయిలైనవాళ్లలో ఎంతమంది ఇలాగే ఆగిపోతారో అని నాకు భయం వేస్తుంది. నాలుగు వారాలు బతిమాలి, ఆస్పత్రి మార్చి, గుంటూరులో ఇంకో గ్యాస్ట్రో డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లాను. ఈసారి నేనూ సెలవు పెట్టి వెళ్లాను.

అక్కడ డాక్టర్ చూశాక ఒక సిస్టర్ మమ్మల్ని పక్క గదిలో కూర్చోబెట్టారు. యాభై ఏళ్లుంటాయి. మొదట అడిగిన మాట: "బాబాయ్ గారూ, మాత్రల సంచి తెచ్చారా?" అమ్మ తెచ్చిన ప్లాస్టిక్ కవరు తీసుకుని బల్ల మీద బోర్లించారు. ఒక్కో షీటూ తిప్పి చూసి మూడు కుప్పలు పెట్టారు. ఐరన్ మాత్ర ఒక పక్కకి నెట్టి, "ఇది ఇవాళ్టి నుంచే బంద్" అన్నారు. బీపీ మాత్ర ఒక పక్కన పెట్టి, "ఇది పరీక్ష రోజు పొద్దున గుక్కెడు నీళ్లతో వేసుకోవాలి" అన్నారు. షుగర్ మాత్రలు పట్టుకుని డాక్టర్ దగ్గరికి వెళ్లి, ముందురోజు ఏది, ఎంత, పరీక్ష రోజు ఏది మానాలి అని రాయించుకొచ్చారు. ఇది మాత్రం ఎవరికి వాళ్లు తేల్చుకునే విషయం కాదు. డాపాగ్లిఫ్లోజిన్ లాంటి కొత్తరకం షుగర్ మాత్రలు వాడేవాళ్లయితే కనీసం 3 రోజుల ముందే ఆపిస్తామని, పరగడుపున ఉన్నప్పుడు రక్తంలో కీటోన్లు అనే ఆమ్లాలు పెరిగిపోయే ప్రమాదం ఉందని ఆవిడ చెప్పారు. తిండి తగ్గించిన రోజు ఇన్సులిన్ డోసు కూడా తగ్గించాల్సి ఉంటుంది. రక్తం పల్చబడే మందులైతే ఒక్కోదానికి ఒక్కో లెక్క. స్టెంట్ వేయించుకున్నవాళ్లు ఎవరో చెప్పారని వాటిని సొంతంగా ఆపేస్తే ప్రాణం మీదకొస్తుంది. ఆపాలో వద్దో గుండె డాక్టరూ, గ్యాస్ట్రో డాక్టరూ మాట్లాడుకుని చెప్పాలి. కిడ్నీల పనితీరు చెప్పే క్రియాటినిన్ ఎంతుందో కూడా అడిగారావిడ. పేగు శుభ్రం చేసే మందులన్నీ ఒకటి కావు. సోడియం ఫాస్ఫేట్ ఉన్నవి కిడ్నీలను దెబ్బతీయగలవని అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 2008లోనే గట్టిగా హెచ్చరించింది. నాన్నకి రాసింది పాలీఇథిలిన్ గ్లైకాల్ పొడి. అది ఒంట్లో నీటిని లాగకుండా, తాగిన నీటినే పేగు గుండా కిందికి పంపిస్తుంది. "మెడికల్ షాపువాడు ఇది లేదు, ఇంకోటుంది తీసుకోండి అంటే తీసుకోవద్దు, నాకు ఫోన్ చెయ్యండి" అని నంబరు రాసిచ్చారు.

తర్వాత అమ్మ వైపు తిరిగారు. "పిన్నిగారూ, చెరుకు నమిలితే ఏం మిగులుతుంది?"

"పిప్పి."

"పేగులో పిప్పి మిగిల్చేది ఏదీ మూడు రోజులు పెట్టొద్దు. అంతే."

నేను రెండు రోజులు గూగుల్ చేసినా లో రెసిడ్యూ అనే మాటకి సరైన తెలుగు దొరకలేదు. అది చెరుకు తోటల్లో ఎప్పటినుంచో ఉంది. పిప్పి అన్నాక అమ్మకి ఇంక జాబితా అక్కర్లేకపోయింది, తనే చెప్పడం మొదలెట్టింది. ఆకుకూరలు వద్దు, గోంగూర వద్దు, ములక్కాడ అసలే వద్దు. బెండకాయ, వంకాయ, టమాటా గింజలు వద్దు. జామ, దానిమ్మ వద్దు. నువ్వులు, పల్లీలు, కొబ్బరి పచ్చడి వద్దు. జొన్నరొట్టె, రాగి ఏదీ వద్దు. మరి ఏం తినాలి? మెత్తగా వండిన తెల్లన్నం, పెరుగు, ఇడ్లీ, తొక్క తీసిన బంగాళదుంప, కోడిగుడ్డు. మాంసాహారులు మెత్తగా ఉడికించిన చేప, చికెన్ కొంచెం. మూడు రోజులు చప్పిడి తిండిలాగే ఉంటుంది. మాకు అంతకన్నా ఇబ్బందేమీ కాలేదు. మలబద్ధకం ఉన్నవాళ్లకి ఇంకొన్ని రోజుల ముందునుంచే జాగ్రత్త, విడిగా మందు కూడా అవసరమవుతాయి కాబట్టి ఆ సంగతి సిగ్గుపడకుండా ముందే చెప్పాలన్నారు.

ముందురోజు సంగతికి వచ్చారు. "చారు కాచి దించి కాసేపు ఉంచితే పైన ఏం తేలుతుంది?" "తేట" అంది అమ్మ. "ఆ తేటే. ముందురోజంతా తేట తప్ప ఇంకేం లేదు." క్లియర్ లిక్విడ్ అంటే నేను ఏ ద్రవమైనా అనుకున్నాను. తేట అంటే మా అమ్మకి ఒక్క క్షణం కూడా అనుమానం రాలేదు. రాగిజావ తేట కాదు. పాలు, మజ్జిగ తేట కాదు. పప్పుకట్టు తేట కాదు. ఆకులూ మిరియాలూ లేకుండా వడగట్టిన చారు తేట. కొబ్బరినీళ్లు, వడగట్టిన నిమ్మరసం, పాలు లేని టీ. గాజు గ్లాసులో పోసి వెనకాల పేపరు పెడితే అక్షరాలు కనిపించాలి, అదే పరీక్ష. ఎర్రటివీ, ఊదావీ మాత్రం తేటగా ఉన్నా వద్దు. దానిమ్మ, బీట్‌రూట్, ద్రాక్ష రంగు లోపల రక్తంలా కనిపించి గందరగోళం చేస్తుంది. షుగర్ పడిపోతుందేమోనన్న భయం ఉంటే, నిమ్మరసంలో పంచదార వేసుకోవచ్చు. నెల కిందట ఈ ఒక్క మాట తెలిసి ఉంటే ఆ రాత్రి పదకొండింటికి అమ్మ అంత హడలిపోయేది కాదు.

చివరికి ఆవిడ అడిగింది మేం ఎవరమూ ఊహించని ప్రశ్న. "ఇంట్లో బాత్రూం ఎక్కడుంది? కమోడా, మామూలుదా? బాబాయ్‌కి మోకాళ్ల నొప్పులున్నాయా?" పెరట్లో ఉందని, మామూలుదేనని, మోకాళ్లు నొప్పులేనని చెప్పాం. రాత్రిపూట పదిసార్లు పెరట్లోకి వెళ్లి కింద కూర్చుని లేవాలంటే, ఆ నీరసంలో తూలి పడిపోయే ప్రమాదం ఉంది. మొదటిసారి దాదాపు అదే జరిగింది. "గుంటూరులో చుట్టాలెవరైనా ఉన్నారా? ముందురోజే వచ్చి అక్కడుండండి" అన్నారు. కారణం ఇంకొకటుంది. పొడి మొత్తం సాయంత్రమే తాగితే, రాత్రంతా చిన్నపేగు నుంచి పసరు, జిగురు కిందికి దిగి పెద్దపేగు కుడివైపు మళ్లీ పూత పూస్తాయి. అందుకే సగం ముందురోజు సాయంత్రం, మిగతా సగం పరీక్ష రోజు తెల్లవారుజామున తాగాలి. పరీక్షకు 4 నుంచి 6 గంటల ముందు మొదలుపెట్టి, కనీసం 2 గంటల ముందు ముగించాలి. అమెరికాలోనూ యూరప్‌లోనూ వైద్యసంఘాలు ఈ పద్ధతినే చెబుతున్నాయి. అయితే పొద్దున తొమ్మిదింటికి పరీక్ష పెట్టి, ఊరినుంచి మొదటి బస్సు ఎక్కి రమ్మంటే, ఆ రెండో సగం ఎప్పుడు తాగుతారు? తాగితే బస్సులో ఎలా కూర్చుంటారు? నాన్నకి పదకొండున్నర టైము ఇచ్చారు. ఊళ్ల నుంచి వచ్చేవాళ్లకి ఎప్పుడూ లేటు టైమే ఇస్తామన్నారు. ఇందులో ఖర్చేమీ లేదు, యంత్రమేమీ కొనక్కర్లేదు. పల్లెటూరి మనిషి తెల్లవారుజాము ఎలా ఉంటుందో ఒకరు ఆలోచించారు, అంతే.

పిన్ని వాళ్లింట్లో ఐదున్నరకి అలారం పెట్టుకుని లేచాం. పొడి ముందురోజే రెండు లీటర్ల కొలతకి కలిపి సగం ఫ్రిజ్‌లో పెట్టాం. చల్లగా ఉంటే ఆ ఉప్పు రుచి అంత తెలియదు. పావుగంటకొక గ్లాసు. నాన్న స్టీరింగు పట్టినంత గట్టిగా గ్లాసు పట్టుకుని, కళ్లు మూసుకుని తాగేవారు. అమ్మ నిమ్మచెక్క వాసన చూపించేది. మూడో గ్లాసుకి వికారం వస్తోందంటే సిస్టర్ చెప్పినట్టే అరగంట ఆగి మళ్లీ మొదలుపెట్టాం. మాటిమాటికీ కడుక్కుని ఒరుసుకుపోకుండా ముందే కొబ్బరినూనె రాసుకోమన్నారు, మెత్తటి పాత పంచె ముక్కలు పెట్టాం. ఎనిమిదింటికి నాన్న బయటికొచ్చి, "అమ్మాయ్, నీళ్లే వస్తున్నాయి, లేత పసుపుగా, అడుగు కనిపిస్తోంది" అన్నారు. కూతురితో ఇలాంటి మాట అంతకుముందెప్పుడూ మాట్లాడి ఉండరు. సిస్టర్ చెప్పిన గుర్తు అదే. ఎన్నిసార్లు అయిందన్నది లెక్క కాదు, చివరికి ఎలా వచ్చిందన్నదే చూడాలి. ఇంకా గోధుమరంగులో ఉంటే, మడ్డి కనిపిస్తే, దాచకుండా వెళ్లగానే చెప్పాలి. అప్పటికప్పుడు చేయగలిగింది ఏదో ఒకటి ఉంటుంది.

ఆ రోజు రిపోర్టులో బోస్టన్ స్కోరు 8. ఫోటోల్లో పేగు గోడ లేత గులాబీ రంగులో, తడిగా మెరుస్తూ, ఆకు ఈనెల్లాంటి రక్తనాళాలతో ఉంది. కుడివైపు భాగంలో దాదాపు 2 సెంటీమీటర్ల పాలిప్. అక్కడికక్కడే తీగ ఉచ్చు వేసి తీసేశారు. బయాప్సీలో అడినోమా (ముందుముందు క్యాన్సర్‌గా మారే అవకాశమున్న రకం పాలిప్) అని, క్యాన్సర్ లేదని వచ్చింది. ఇలాంటివి క్యాన్సర్‌గా మారడానికి సాధారణంగా పదేళ్ల దాకా పడుతుందని, రక్తం మెల్లగా కారి ఉంటే అక్కడినుంచే కావచ్చని డాక్టర్ చెప్పారు. మొదటిసారి మడ్డి నిండి కెమెరా చేరలేకపోయింది సరిగ్గా ఆ వైపుకే. నాన్న "ఇంక రాను" అన్న మాట మీద నిలబడి ఉంటే అది అక్కడే ఉండేది.

ఈ మాటలు చెబితే ఒక డాక్టర్ మిత్రుడు నాతో వాదించాడు. ఓపీలో రోజుకి ఎనభై మందిని చూస్తూ ఇవన్నీ ఎప్పుడు చెబుతారు అన్నాడు. నిజమే, డాక్టర్ చెప్పక్కర్లేదు. మాకు చెప్పింది సిస్టర్. ఆవిడకు పట్టింది ఇరవై నిమిషాలు. ఫెయిలైన పరీక్షను మళ్లీ చేయడానికి డాక్టర్‌కీ, మత్తు డాక్టర్‌కీ, గదికీ పట్టే సమయంతో పోలిస్తే ఇరవై నిమిషాలు ఎంత? "ఎంత చెప్పినా కొందరు వినరు" అన్నాడు. ఉంటారు, కాదనను. కానీ విననివాళ్లెవరో తెలియాలంటే ముందు అందరికీ అర్థమయ్యేలా చెప్పి చూడాలి కదా. చదువు రానివాళ్లుంటే, వాట్సాప్‌లో తెలుగులో ఒక వాయిస్ మెసేజ్ పెట్టొచ్చు. ముందురోజు సాయంత్రం ఒక ఫోన్ చేసి "పొడి మొదలెట్టారా?" అని అడగొచ్చు. అంగీకార పత్రం మీద సంతకం తీసుకోవడానికి మనిషిని పెట్టినప్పుడు, దీనికీ ఒక మనిషిని పెట్టగలరు.

ఉత్త ఎండోస్కోపీ అయితే ఇంత కష్టం లేదు గానీ దానికీ నియమాలున్నాయి. గట్టి ఆహారం తిని 6 నుంచి 8 గంటలు కావాలి, మంచినీళ్లు 2 గంటల ముందే ఆపాలి. పొట్టలో తిండి ఉంటే కనిపించకపోవడం అటుంచి, మత్తులో వాంతై ఊపిరితిత్తుల్లోకి పోతుంది. కట్టుడు పళ్లు తీసి ఇవ్వాలి. గొంతులో మత్తు స్ప్రే కొడతారు కాబట్టి ఆ తిమ్మిరి పోయేదాకా నీళ్లు కూడా తాగకూడదు, పొలమారుతుంది. పొట్టలో పుండ్లకి కారణమయ్యే హెలికోబాక్టర్ అనే బ్యాక్టీరియా పరీక్ష కూడా చేయాలనుకుంటే గ్యాస్ మాత్రలు సుమారు 2 వారాలు ముందే ఆపిస్తారు, లేకపోతే ఉన్న బ్యాక్టీరియా లేదని వచ్చే అవకాశం ఉంది. రెండింటిలో దేనికైనా మత్తు ఇస్తే వెంట ఒక మనిషి ఉండాలి, 24 గంటలు బండి నడపకూడదు. నాన్నకి అన్నిటికన్నా కష్టమైంది ఇదే. తాళాలు నా బ్యాగులో పెట్టుకున్నాను.

పెద్దపేగు క్యాన్సర్‌కి మన దేశంలో అందరికీ చేసే ప్రభుత్వ స్క్రీనింగ్ లేదు. ఉన్నది నోటి, రొమ్ము, గర్భాశయ ముఖద్వార క్యాన్సర్లకే. అమెరికాలో ఏ లక్షణాలూ లేకపోయినా 45 ఏళ్లకే మొదలుపెట్టమని 2021లో వయసు తగ్గించారు. మన దగ్గర ఈ పరీక్ష దాకా వచ్చే మనిషి దాదాపు ఎప్పుడూ ఏదో బాధతోనే వస్తాడు. అప్పు చేసి, పని మానుకుని, సిగ్గు చంపుకుని వస్తాడు. ఆడవాళ్ల సంగతి ఇంకా కష్టం. మా పెద్దమ్మ మోషన్‌లో రక్తం పడుతోందని ఎనిమిది నెలలు ఎవరికీ చెప్పలేదు. విశాఖలో పుట్టి, కర్నూలు మెడికల్ కాలేజీలో చదివిన డాక్టర్ నాగేశ్వర్ రెడ్డి గారికి ఈ ఎండోస్కోపీ విద్యలో చేసిన కృషికి 2025లో పద్మవిభూషణ్ వచ్చింది. వైద్యంలో అంత ఎత్తుకు వెళ్లిన మన తెలుగు నేల మీద, తెనాలి పక్కన పల్లెలో ఉండే పేషెంటు చేతికి చారు తేట అన్న రెండు మాటలు రాసిన కాగితం అందకపోవడం నాకు బాధగా ఉంది.

ఆ సిస్టర్ చెప్పినవన్నీ నేను తెలుగులో ఒక పేజీగా టైపు చేసి, ఆవిడకే పంపి దిద్దించుకున్నాను. మాత్రల దగ్గర మాత్రం "సంచి తీసుకెళ్లి డాక్టర్‌కి చూపించండి" అని తప్ప ఏమీ రాయొద్దన్నారు, రాయలేదు. పెద్దమ్మకి కూడా వచ్చే గురువారం కొలనోస్కోపీ. నిన్న అమ్మ ఫోన్‌లో ఆవిడతో మాట్లాడుతుంటే విన్నాను. "ములక్కాడ చారు కాచుకోవచ్చా అంటావేంటక్కా, ఆ ముక్కలు నోట్లో పెట్టావంటే మళ్లీ మొదటికొస్తుంది. ఉత్త చారు కాచుకో. దించి పక్కన పెట్టు, కదపకు. పైన తేట తేలాక గుడ్డలో వడగట్టు. ఆ, గ్లాసులో పోసి పేపరు పెట్టి చూడు. అక్షరాలు కనపడ్డాయా, తాగు."